పాపయ్య క్రైస్తవుడేనా?

మొన్న ఈస్టర్‌కి ఊరెళ్ళినప్పుడు మా సంఘ పెద్దలు నాకో పని అప్పజెప్పారు. "నువ్వు కంప్యూటర్లల్ల పనిజేస్తవు గద తమ్మీ, మన సంఘం రిజిస్టరు అంత కంప్యూటర్ల ఎక్కియ్యరాదూ" అని. సాఫ్ట్‌వేర్ అనగానే ఊళ్ళో ప్రింటరు బాగుచెయ్యడం దగ్గర్నించి టీవీకి సెట్‌టాప్ బాక్స్ తగిలించడం దాకా అన్నీ మన నెత్తినే పడతాయి కదా. దాంతో పోలిస్తే ఇది గౌరవమైన పనే. సరేనన్నాను. రెండు వందల కుటుంబాలు కూడా లేని సంఘం. ఒక చిన్న టేబుల్, నాలుగు ఫారాలు. శనివారం మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రానికి అయిపోతుందనుకున్నాను.

అవ్వలేదు. ఒక్క కాలమ్ దగ్గర ఆగిపోయింది.

మాది అచ్చంపేట. తెలియనివాళ్ళ కోసం: హైదరాబాదు నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని కల్వకుర్తి, డిండి దాటాక వస్తుంది. ఆ పైన నల్లమల అడవి మొదలు. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లా. జిల్లా మారినా మేం పాలమూరోళ్ళమనే చెప్పుకుంటాం. మా సంఘం పేరు, ఏ మిషనుదీ అన్నది ఇక్కడ చెప్పను. చెప్పబోయేది ఒక్క మా సంఘం సంగతే కాదు కాబట్టి.

పాత రిజిస్టరు పొడుగాటి అట్ట పుస్తకం. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, బాప్తిస్మం తేదీ, సభ్యత్వం ఉన్నదా లేదా, చివర రిమార్కులు. ఆ రిమార్కుల గడి చదువుతుంటే టైము తెలియలేదు. ఒకాయన జాతరకు పోయినందుకు బల్ల నుంచి ఆపేశారు. ఆర్నెల్ల తర్వాత తిరిగి చేర్చుకున్నారు. ఒకావిడ కూతురి పెళ్ళి 'లోకస్థుల' ఇంట్లో చేసింది. ఒకరు చందా కట్టలేదు. (బల్ల అంటే ప్రభువు భోజనం. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే.)

పక్కన కూర్చుని పేర్లు చదివి పెడుతున్న మా పెదనాన్న కొడుకు, అన్న, ఒకచోట ఆగాడు. "తమ్మీ, మీ వదినకు ఏం పెడ్తవ్? ఎస్సా, నోనా?"

మా వదిన హిందువుల ఇంటి నుంచి వచ్చింది. పదేళ్ళుగా ప్రతి ఆదివారం గుడికొస్తుంది. (మావాళ్ళు చర్చిని గుడి అనే అంటారు.) ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద కూర్చుంటుంది. పిల్లలకి వాక్యాలు కంఠతా పట్టించేది ఆవిడే, అన్న కాదు. బాప్తిస్మం కావాలని అడిగింది కూడా. పెద్దలు ఒక్కటే మాటన్నారు: బొట్టు తీసెయ్యి, వచ్చే ఆదివారమే ఇస్తం. ఆవిడ తియ్యలేదు. ఎందుకంటే వాళ్ళమ్మ ఇంకా బతికే ఉంది. ఆ ముసలామె దృష్టిలో బొట్టు దేవుడికి సంబంధించింది కాదు, మొగుడికి సంబంధించింది. బొట్టు తీసిన కూతుర్ని చూడ్డమంటే అల్లుడు పోయినట్టే. "మా అమ్మను ఏడిపిచ్చి నేనేం మారుమనసు పొందాలె" అంటుంది వదిన. అందుకని నెలకోసారి, బల్ల ఇచ్చే ఆదివారం, ప్లేట్లు తిప్పడం మొదలుకాగానే తనే లేచి బయటికెళ్ళి వేపచెట్టు కింద కూర్చుంటుంది. అయిపోయాక మళ్ళీ లోపలికొస్తుంది.

ఎస్సా, నోనా? నా దగ్గరున్నది బూలియన్ ఫీల్డు. మూడో వాల్యూ లేదు.

అన్నట్టు, ఈ ప్రశ్న నాకంటే ముందు ఒకాయన అడిగారు. అదీ ఇలాంటి పల్లెటూళ్ళనే చూస్తూ పెరిగి, ఇలాంటి రైతు గురించే. ఆయన సంగతికి వస్తాను. ముందు అసలు ఈ కంచెలన్నీ ఎక్కణ్ణించి వచ్చాయో చెప్పుకోవాలి. లేకపోతే మా పెద్దలు ఉత్త మూర్ఖుల్లా కనబడతారు. వాళ్ళు మూర్ఖులు కారు.

మన తెలుగునాట దళితవాడల్లో క్రైస్తవం పెద్దయెత్తున వ్యాపించింది ఒంగోలు ప్రాంతంలో, అమెరికన్ బాప్టిస్టు మిషను కాలంలో. అక్కడ పనిచేసిన మిషనరీ జాన్ క్లౌ. అసలు దారి వేసింది మాత్రం ఆయన కంటే ముందే గురువుల చుట్టూ, యోగమార్గాల చుట్టూ తిరిగి ఏదో వెతుక్కుంటున్న మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఊరూరా తిరిగి తనవాళ్ళకి చెప్పాడు. 1876-78 కరువు కాలంలో సాయం కోసం చేరుతున్నారేమోనన్న అనుమానంతో క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

అంతమందిని చేర్చుకుంటే వాళ్ళలో ఎవరు నిజంగా మారారో ఎలా తెలియాలి? చదువు లేదు, పుస్తకం చదవలేరు. అందుకని అక్కడ మూడు నియమాలు బాగా పాతుకున్నాయి. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు.

ఈరోజు ఏసీ గదిలో కూర్చుని ఇది ఛాందసం అనెయ్యడం తేలిక. కానీ ఒక్కసారి ఆలోచించండి. చచ్చిన గొడ్డును మోసుకుపోవడం, దాని మాంసం తినడం మాదిగవాడికి ఊరు అంటగట్టిన బతుకు. తినను అన్నాడంటే ఊరి లెక్కలో తన స్థానాన్నే కాదన్నాడన్నమాట. ఆదివారం పనికి రాను అంటే దొరకి ఎదురు చెప్పడమే. ఆ మూడు నియమాలూ కంచెలే, కాదనను. కానీ ఆ కంచె లోపల మనిషి మొదటిసారి నిటారుగా నిలబడ్డాడు. మా తాత తరంలో కూడా 'మేం అది తినం' అని చెప్పేటప్పుడు గొంతులో ఉన్నది మడి కాదు, ఆత్మగౌరవం.

ఇక మా వైపు, అంటే అప్పటి నిజాం రాజ్యంలోకి, ఈ కథ ఇంకో దారిన కూడా వచ్చింది. 1890 ప్రాంతంలో నల్లగొండకి అబ్రహాం ఫ్రీసెన్ అనే ఆయన భార్య మరియాతో కలిసి వచ్చాడు. దక్షిణ రష్యా నుంచి, అంటే ఇప్పటి ఉక్రెయిన్ నుంచి. 1899లో వాళ్ళ శాఖవాళ్ళే అమెరికా నుంచి వచ్చారు, ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు. ఆ తర్వాత హైదరాబాదులో హ్యూస్ టౌన్, నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, ఇలా ఒక్కొక్క చోటా మిషను కాంపౌండ్లు లేచాయి. ఈ శాఖ పేరు మెన్నోనైట్ బ్రెదరెన్. పాలమూరులో ఎంబీ అంటే చాలు, అందరికీ తెలుసు.

వీళ్ళ పుట్టుక చూస్తే మన ప్రశ్నకి బాగా పనికొస్తుంది. 1525లో జ్యూరిక్‌లో కొందరు, పసిపిల్లలకి ఇచ్చే బాప్తిస్మం చెల్లదు, మనిషి తెలిసి నమ్మి తీసుకోవాలి అన్నారు. అప్పట్లో అది రాజద్రోహంతో సమానం. అలా అన్నందుకే 1527లో ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన్ని నదిలో ముంచి చంపారు. బాప్తిస్మం గురించి వాదించినందుకు నీళ్ళలోనే చంపడం, ఎంత వెటకారమో చూడండి. తర్వాత 1536లో క్యాథలిక్ మతగురువు పదవి వదిలేసి వీళ్ళతో చేరిన మెన్నో సైమన్స్ పేరు మీదే మెన్నోనైట్లు అయ్యారు. ఆయన తన పుస్తకాల మొదటి పేజీలో ఒకే ఒక వాక్యం వేసుకునేవాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, 3వ అధ్యాయం, 11వ వచనం. పునాది ఒక్కటే, అది క్రీస్తు, వేరే పునాది వెయ్యడం ఎవరి తరమూ కాదు అని దాని సారాంశం. ప్రాణానికి తెగించినవాళ్ళ బ్యానర్ అది.

మూడు వందల ఏళ్ళు గడిచాయి. రష్యాలో స్థిరపడ్డ ఆ మెన్నోనైట్లలో ఏమైందంటే, పుట్టుకతోనే అందరూ సభ్యులు. వయసు రాగానే బాప్తిస్మం. అదొక తంతు. 1859 చివర్లో కొన్ని కుటుంబాలు, మనసు మారనివాళ్ళతో కలిసి బల్లలో పాలు పొందలేం, మాకు వేరుగా ఇవ్వండి అని అడిగాయి. సంఘ పెద్ద కుదరదన్నాడు. వాళ్ళు ఒక ఇంట్లో కూడి తమంతట తామే బల్ల తీసుకున్నారు. గొడవ ముదిరి 1860 జనవరి 6న 18 మంది కుటుంబ పెద్దలు సంతకాలు పెట్టి వేరుపడ్డారు. మెన్నోనైట్ బ్రెదరెన్ పుట్టింది అలా. అంటే బల్ల దగ్గర ఎవరుండాలి అన్న ప్రశ్న మీదే!

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. పుట్టుకతో క్రైస్తవులవడాన్ని కాదని పుట్టిన శాఖ అది. దాని వారసత్వం అందుకున్న మన పాలమూరు గడ్డ మీద, ఏ మిషను చూసినా, మూడు తరాలు గడిచేసరికి నాబోటివాళ్ళం పుట్టుకతోనే క్రైస్తవులం అయిపోయాం. రెండోది, పునాది క్రీస్తే అనే మాటను కాపాడాలని ఎవరు కంచె వేసినా, కొన్నాళ్ళకి జనం కంచెనే కాపలా కాస్తారు. పునాది సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇది ఒక్క వీళ్ళ కథ కాదు, అందరి కథా ఇంతే.

ఇప్పుడు ముందు చెప్పిన ఆయన దగ్గరికి వద్దాం. 1899లో వచ్చిన ఎన్.ఎన్. హీబర్ట్‌కి మనవడు, పాల్ హీబర్ట్. 1932లో శంషాబాదులో పుట్టారు. మనం ఇప్పుడు విమానం ఎక్కే శంషాబాదే. అమెరికాలో చదువుకుని 1960లో భార్యతో మళ్ళీ ఇక్కడికొచ్చి, శంషాబాదు బైబిలు స్కూల్లో పనిచేశారు. తర్వాత మానవశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నారు. 'కొండూరు' అని ఒక తెలంగాణ పల్లె మీద ఆయన రాసిన పుస్తకం 1971లో మిన్నెసోటా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. కులం, పెద్దమనుషులు, పండగలు, ఎవరికి ఎవరు ఏం బాకీ, అన్నీ ఉంటాయి. 2007లో చనిపోయారు.

ఆయన 1978లో రాసిన ఒక వ్యాసం పేరులోనే పాపయ్య ఉన్నాడు. పాపయ్య ఒక రైతు. చదువు రాదు. పొలం నుంచి వచ్చాడు, ఇంట్లో ఇంకా వంట కాలేదు. ఊరి మధ్యకి వెళ్ళాడు. ఎవరో కొత్త మనిషి ఏసు గురించి చెబుతున్నాడు. గంటసేపు విన్నాడు. ఏదో మనసుకి తగిలింది. తలవంచి ఆ దేవుడికి ప్రార్థన చేశాడు. ఇంటిదారి పట్టాక అన్నీ సందేహాలే. మనకి అవతారాలు చాలా ఉన్నాయి కదా, ఈయన ఒక్కసారే వచ్చాడంటాడేంటి? దేవుడి కొడుకంటున్నాడు, మరి దేవుడి భార్య సంగతి చెప్పలేదే? రేపటి నుంచి గుళ్ళోకి పోవచ్చా? ఇంట్లో చెప్పాలా? ఆ మనిషి ఇచ్చిన కాగితాలు తను చదవలేడు. దగ్గర్లో ఇంకో క్రైస్తవుడు లేడు.

హీబర్ట్ ప్రశ్న ఇదే: ఈ పాపయ్య ఇప్పుడు క్రైస్తవుడేనా?

ఆయన జవాబు వెతికిన పద్ధతి మనబోటివాళ్ళకి నచ్చుతుంది. లెక్కల్లోంచి సెట్ థియరీ తీసుకున్నారు. మనుషులు వస్తువుల్ని గుంపులుగా ఎలా విడగొడతారు? మొదటి పద్ధతి గిరి గీసిన సెట్. ఫలానా లక్షణాలుంటే లోపల, లేకపోతే బయట. మధ్యలో ఏమీ ఉండదు. మన ఇఫ్-ఎల్స్ అదే. లోపలున్నవాళ్ళందరూ ఒక్కటే, అక్కడ ఎవరు ఎటు నడుస్తున్నా లెక్కలేదు. గిరి కాపాడితే చాలు. రెండోది 1965లో లోట్‌ఫీ జాదే చెప్పిన ఫజ్జీ సెట్, 0.3 మెంబరు, 0.7 మెంబరు అన్నమాట. వాషింగ్ మెషీన్ల మీద కూడా ఫజ్జీ లాజిక్ అని రాసేవాళ్ళు, గుర్తుందా? మూడోది కేంద్రం ఉన్న సెట్. ఇందులో ముందు గిరి గియ్యరు. ముందు మధ్యలో ఒక బిందువు పెడతారు. ప్రతి మనిషీ కదులుతున్నవాడే. చూడాల్సింది అతను ఎంత దూరంలో ఉన్నాడని కాదు, ఎటు తిరిగి ఉన్నాడని. బిందువు వైపు తిరిగి నడుస్తుంటే, మైలు దూరంలో ఉన్నా, ఈ సెట్‌లోనివాడే. పక్కనే నిలబడి వీపు తిప్పుకుని పోతుంటే, కాదు.

అంటే వాల్యూ బూలియన్ కాదు, వెక్టర్.

ఈ లెక్కలో క్రీస్తు కేంద్రం. మారుమనసు అంటే తిరగడం. పాపయ్య తిరిగాడు. చాలా దూరంలో ఉన్నాడు, నేర్చుకోవాల్సింది కొండంత ఉంది, కానీ తిరిగాడు. కాబట్టి అవును, క్రైస్తవుడే. అయితే అక్కడితో కథ ఆగదు, రేపటి నుంచి నడవాలి. కేంద్రం బలంగా ఉంటే గిరి దానంతటదే ఏర్పడుతుంది, దానికి కాపలా అక్కర్లేదు అంటారు హీబర్ట్.

ఇది చదివినప్పుడు నాకు భలే హాయిగా అనిపించింది. వెంటనే అనుమానం కూడా వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. అంటే ఏం చేసినా చెల్లుతుందా? నేను కేంద్రం వైపే తిరిగున్నాను అని ఎవడైనా చెప్పుకోవచ్చు కదా? కంచె లేని చేను ఏమవుతుందో పాలమూరువాళ్ళకి చెప్పాలా, మేకలున్న ఊళ్ళో?

దీనికి జవాబు కూడా హీబర్ట్ చెప్పిన ఇంకో సంగతిలోనే దొరికింది నాకు. ఆయన ఇక్కడ పనిచేసే రోజుల్లో ఒక ఊళ్ళో అమ్మవారు పోసి పిల్లలు చనిపోతున్నారు. సోదె చెప్పే మనిషి, మైసమ్మకి కోపం వచ్చింది, దున్నపోతుని బలివ్వాలి, ప్రతి ఇంటి నుంచీ డబ్బు రావాలి అన్నాడు. క్రైస్తవుల ఇళ్ళవాళ్ళు ఇవ్వమన్నారు. ఊరి పెద్దలు, ఒక్క పైసా అయినా చాలు, కానీ ఇవ్వాల్సిందే అన్నారు. ఇవ్వలేదని బావి దగ్గర నీళ్ళు తోడుకోనివ్వలేదు. కొట్లో సరుకులు అమ్మలేదు. కొందరు క్రైస్తవులు, పోనీ ఒక్క పైసా పారేసి, మా మనసులో లేదని దేవుడికి చెప్పుకుందాం అన్నారు. సంఘ పెద్ద ఒప్పుకోలేదు. ఇంతలో క్రైస్తవుల ఇంట్లోనే ఒక పాపకి అమ్మవారు పోసింది. ఆ పెద్ద మైళ్ళు నడిచి హీబర్ట్ దగ్గరికొచ్చి ప్రార్థన చెయ్యమన్నాడు. ఊరంతా చూస్తోంది, వీళ్ళ దేవుడు కాపాడతాడా లేదా అని.

పాప చనిపోయింది.

హీబర్ట్ ఓడిపోయినట్టు కుంగిపోయారు. కొన్నాళ్ళకి ఆ పెద్ద మళ్ళీ వచ్చాడు, సంతోషంగా. పాప బతికి ఉంటే ఊరివాళ్ళు మన దేవుడి శక్తిని ఒప్పుకునేవాళ్ళే, కానీ ఎప్పటికైనా అందరూ పోవలసినవాళ్ళమేనని వాళ్ళకీ తెలుసు. మనం పాపని సమాధి చేసినప్పుడు, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ కలుస్తాం అనే నమ్మకం మనలో చూశారు, ఇప్పుడు వాళ్ళే వచ్చి అడుగుతున్నారు, అని చెప్పాడట.

నాకు ఈ సంగతి చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు. పైసా ఇవ్వకపోవడం పైకి కంచెలాగే కనబడుతుంది, 'విగ్రహాలకు కానుకలు ఇవ్వరాదు' అనే రూలు. కానీ ఆ పెద్ద రూలు కోసం ఇవ్వకుండా ఉంటే, పాప చనిపోయిన రోజే ఆ రూలు కూలిపోయేది. భయం వేసినప్పుడు ఎటు తిరుగుతాం అన్నదే అక్కడ ప్రశ్న. ఆయన ఒకవైపే తిరిగి ఉన్నాడు. స్వస్థత వైపు కూడా కాదు. స్వస్థత రాలేదు కదా, అయినా తిరిగే ఉన్నాడు. కేంద్రం అంటే అదన్నమాట. అది కంచె కంటే సులభమైనదని అనుకున్నాను నేను. కాదు, ఇంకా ఎక్కువే అడుగుతుంది.

ఈ వెలుగులో మన సంగతి చూసుకుందాం. ఈస్టర్‌కి వెళ్ళినప్పుడు ఊళ్ళో చౌరస్తాలో ఒక స్వస్థత కూటముల ఫ్లెక్సీ చూశాను. మధ్యలో ప్రసంగీకుడు, సూటు వేసుకుని, చెయ్యెత్తి. పక్కన అమ్మగారు. కింద వరసగా పాస్‌పోర్టు ఫోటోల్లో స్థానిక పెద్దలు. పైన మూలకి ఒక చిన్న పావురం. ఏసు బొమ్మ లేదు సరే, మావాళ్ళు బొమ్మలు పెట్టరు, కానీ పేరు వెతుక్కోవాల్సి వచ్చింది! ఈ కూటాలు పెట్టేవాళ్ళు వదినని గుమ్మం దగ్గర ఆపరు, బొట్టు గురించి అడగరు. కంచె లేదు. మధ్యలో ఉన్నది మాత్రం క్రీస్తు కాదు, అద్భుతం. పాప చనిపోయిన ఇంటికి చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏముంటుంది?

మరీ ఊరివాళ్ళనే అనడం ఎందుకు. నేను కొన్నేళ్ళు అమెరికాలో ఉన్నప్పుడు మన తెలుగు ఫెలోషిప్‌లో ఒక ఆదివారం ప్రార్థన మనవులు వింటూ లెక్కపెట్టాను. తొమ్మిదిలో ఆరు వీసా, గ్రీన్‌కార్డు, ప్రాజెక్టు ఎక్స్‌టెన్షన్. ఒకటి నాదే, హెచ్‌1బీ స్టాంపింగ్. అడగడం తప్పని కాదు. పిల్లలు తండ్రిని అడగక ఎవర్ని అడుగుతారు? కానీ ఆ తర్వాత సాక్ష్యాలన్నీ అప్రూవల్ వచ్చినవాళ్ళవే. రిజెక్ట్ అయి ఇంటికెళ్ళిపోయిన కుర్రాడు ఎప్పుడూ నిలబడి సాక్ష్యం చెప్పలేదు. ఎవరూ పిలవలేదు కూడా. ఊళ్ళో బొట్టు గిరి అయితే అక్కడ పాస్‌పోర్టులో ముద్ర గిరి.

పాటలు కూడా అంతే. మా అవ్వకి చదువు రాదు గానీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు సగం పుస్తకం నోటికొచ్చు. పురుషోత్తమ చౌధరి కీర్తనల్లో ఆవిడకి నేర్పినదంతా ఏసు పుట్టుక, సిలువ, క్షమాపణ. ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్స్‌తో పాడే వాటిల్లో చాలా భాగం నన్ను హెచ్చించు, నాకు దయచెయ్యి, నా శత్రువుల ముందు నిలబెట్టు. కొత్త పాటలన్నీ చెడ్డవని నేననను, కొన్ని వింటే కళ్ళనీళ్ళొస్తాయి. కానీ ఒక పాట మధ్యలో ఎవరున్నారో చూడ్డానికి పెద్ద తెలివి అక్కర్లేదు. 'నేను' ఎన్నిసార్లు వచ్చింది, 'ఆయన' ఎన్నిసార్లు వచ్చాడు, లెక్కపెట్టుకుంటే చాలు.

ఇంకో గిరి సర్కారు గీసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివాళ్ళు ఎస్సీ కారు. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సి, ఒక్క శాతం. అందుకని కాగితం మీద ఒకటి, ఆదివారం ఇంకొకటి అయిన ఇళ్ళు ఎన్నో. వాడలో ఉండే ఇల్లు అదే, ఊరు చూసే చూపు అదే, సర్టిఫికెట్టు మాత్రం వేరు. వాళ్ళని రెండు నాల్కలవాళ్ళని బయటివాళ్ళు అంటారు, లోపలివాళ్ళూ అంటారు. ఆ పిల్లాడి ఫీజు కట్టేది ఎవరో మాత్రం ఇద్దరూ చెప్పరు. ఒక మనిషి ఎటు తిరిగున్నాడో తహసీల్దారు కాగితం చెప్పలేదు. మా రిజిస్టరూ చెప్పలేదు.

ఇంతకీ వదిన సంగతి. అన్నకి నేను పాపయ్య కథ చెప్పాను. గిరి, బిందువు గీసి చూపించాను, అదే రిజిస్టరు వెనక అట్ట మీద. "ఇగ పెద్దలకు నువ్వే చెప్పు" అన్నాడు. ఆదివారం సాయంత్రం చెప్పాను. హీబర్ట్ తర్వాతి రోజుల్లో చెప్పిన ఒక పద్ధతి కూడా వాళ్ళ ముందు పెట్టాను. ఏదైనా పాత ఆచారం వచ్చినప్పుడు వెంటనే అవుననీ కాదనీ అనొద్దు. మొదట ఆ ఆచారం పాటించేవాళ్ళకి దాని అర్థం ఏంటో తీర్పు తీర్చకుండా వినండి. తర్వాత వాక్యం ఏమంటుందో అందరూ కలిసి చూడండి. ఆ తర్వాత సంఘమంతా కలిసి తేల్చుకోండి, పాస్టరో మిషనరీయో ఒక్కడే కాదు.

అయ్యగారు విన్నారు. ఒక పెద్దాయన మాత్రం లేచారు. డెబ్భై దాటిన మనిషి. "బిడ్డా, నువ్వు చెప్పేది మంచిగనే ఉంది. గని మా నాయిన బొట్టు దీసి, తాయెత్తు దెంపి, ఊరోళ్ళతోని దెబ్బలు దిని ఈ గుడి గట్టిండు. అది ఉత్తదేనంటవా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఉత్తది కాదు. వాళ్ళ నాయన ఆరోజు తెంపింది తాయెత్తుని కాదు, భయాన్ని. ఆయన తిరిగాడు. పైసా ఇవ్వనన్న ఆ సంఘ పెద్దకి అన్నదమ్ముడే ఆయన. కానీ ఆయన తిరగడానికి ఏది తెంపాడో, అది ఈ అమ్మాయి తిరగడానికి అడ్డమే కానప్పుడు, అదే తెంపమని అడగడం ఆయన్ని గౌరవించినట్టా? ఇది నేను ఆరోజు అనలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను. పెద్దాయన చదవరు, అన్న చదివి వినిపిస్తాడేమో.

వదిన భయపడే విషయాలు ఆవిడకీ ఉన్నాయి. పోయినేడాది చిన్నోడికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పుట్టింటివాళ్ళు మొక్కు మొక్కుకొమ్మన్నారట. "మొక్కలే. ఆయన్నే అడిగిన" అంది, అదేం పెద్ద విషయం కానట్టు. ఎటు తిరిగుందో నాకింక వేరే డేటా అక్కర్లేదు.

పెద్దలు వచ్చే నెల కూర్చుని మాట్లాడదామన్నారు. సంఘంలో వచ్చే నెల అంటే ఎప్పుడో మీకు తెలుసు. నేను ఆ కాలమ్‌ని ఖాళీగా వదిలి మిగతాదంతా ఎక్కించి, పెన్‌డ్రైవ్ అయ్యగారి చేతిలో పెట్టాను.

బస్సెక్కే ముందు వదినకి గొప్పగా చెప్పాను, వదినా, శంషాబాదులో పుట్టిన ఒక పెద్ద పండితుడి లెక్క ప్రకారం నువ్వు క్రైస్తవురాలివే అని. పాపయ్య కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది. తర్వాత ఒక్కటే అడిగింది.

"అయితే మరిదీ, ఆ పాపయ్యకు బల్ల ఇచ్చిన్రా?"